సముద్రంల నారుమడి

మిరప నారు సంగతి నాకు ఎవ్వరూ చెప్పక్కర్లేదు. జూలూరుపాడు దగ్గర మా చేన్ల ఏటా మడి కట్టి, ఎండ తగలకుండ పచ్చ నెట్ కప్పుత. తెల్లబడ్డ మొక్క కనపడితే ఆలోచనే లేదు, పీకి అవతల పారేసుడే. ఉంచితే పక్కదానికి అంటుకుంటది.

మా చెల్లె అండమాన్‌ల పగడాలు పెంచే పని చేస్తది. పగడాలు పెంచుడేందే అని నవ్వేదాన్ని. పోయిన ఎండకాలం రమ్మంటే పోయిన. మొఖానికి అద్దం కట్టి, ఛాతీ లోతు నీళ్లల్లకు తీసుకపోయింది. సముద్రం తానానికి కాచిన నీళ్ల లెక్క గోరువెచ్చగ ఉన్నది.

తల ముంచి చూద్దును గదా, కింద అచ్చం నారుమడే. ఇనుప చట్రాల మీద పగడం ముక్కలు వరసగ కట్టి, పైన మనం కప్పే పచ్చ నెట్టే కప్పిండ్రు. కానీ ముక్కలన్నీ తెల్లగ, సున్నం కొట్టినట్టు ఉన్నయ్.

ఒడ్డుకు రాంగనే నేనన్న, "రోగం పట్టిందే. ముందు ఆ మూలకున్న పొట్టి కొమ్మను పీకు, తర్వాత మిగిలినయి. మళ్ల కొత్తగ పెట్టుకో."

చెల్లె మొఖం మాడిపోయింది. మూడేండ్ల సంది ఒక్కొక్క ముక్కను తన చేత్తోనే కట్టుకున్నది.

"చావలేదక్కా. పగడమంటే రాయి కాదు, జీవి. దాని ఒంట్ల కంటికి ఆనని నాచు ఉంటది. తిండి పెట్టేది అదే, రంగూ అదే. నీళ్లు వేడెక్కితే ఆ నాచును బయటికి నెట్టేస్తది. ఇప్పుడు ఉపాసమున్నది. జల్దీ నీళ్లు చల్లబడితే నాచు మళ్లొస్తది. లేకుంటే సచ్చిపోతది."

నాకు నమ్మబుద్ధి కాలే. మళ్ల దిగినం. చెల్లె నెట్ లేపితే, ఆ పొట్టి కొమ్మ దగ్గరికి మొఖం పెట్టి చూసిన. తెలుపు మీద ఎంట్రుకలంత చేతులు మెల్లగ ఆడుతున్నయ్. తిండి కోసం చాపుతున్నయ్. అంత పెద్ద సముద్రంల గంత చిన్న ఆకలి. అద్దం లోపల నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

ఇంటికొచ్చినంక రోజూ ఫోన్ల ఒకటే అడుగుడు, అక్కడ వాన పడ్డదా అని. మా చేను కోసం కూడ గంతగనం ఎదురుచూడలే.

వానలు మొదలైనంక వీడియో పంపి, ఫోన్ చేసింది. చానా చట్రాల మీది ముక్కలకు పైన ఉత్త పాచి పట్టింది. అవి పోయినయ్ అన్నది. వీడియో మూలకు జరిగింది. అక్కడ పొట్టి కొమ్మ మొదట్ల తేనె రంగు ఎక్కుతున్నది.

"నువ్వు ముందుగాల పీకమన్నది ఇదేనక్కా," అన్నది చెల్లె.