కొత్త బ్రేకులకి కొబ్బరి నూనె

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ భూమ్మీద ఉండేది కాదు. పాతికేళ్ల వయసు, మెకానికల్ ఇంజనీరింగులో ఎం.టెక్. పట్టా, గుడివాడ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం (నేను చెప్పే పాఠాల్లో ఘర్షణ ఒకటి. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకుంటే నన్ను చూసి నవ్వడానికి పనికొస్తుంది). వీటన్నిటికీ తోడు యూట్యూబు. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాక నాకు తెలియనివి రోజుకొకటి బయటపడుతున్నాయి గానీ, అప్పుడు మాత్రం ఎవరైనా ఏదైనా చెప్పబోతే, పాపం వీళ్లకేం తెలుసులే అని జాలిపడుతూ వినేవాణ్ణి. ఆ జాలి ఒక మంచి పనివాడి పేరు పాడుచేసింది. ఈ కథ చాలామందికి నవ్వుతూ చెప్పాను, ఆ భాగం మాత్రం మింగేసి. ఈసారి అది కూడా చెబుతాను.

నా దగ్గర ఒక పాత స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తులో ఎర్రగా మెరుస్తూ ఉండేది. హైదరాబాదులో ఎవరో మోజు తీరి అమ్ముతుంటే ఎగబడి కొన్నాను. బందరు రోడ్డు మీద అది వెళ్తుంటే గేదెలు కూడా ఆగి చూసేవి (గేదెలు దేన్నయినా ఆగి చూస్తాయని మా స్టాఫ్ రూములో అనేవారు, వాళ్లకి అసూయ). పరుగుకి వంక పెట్టడానికి లేదు, ఆగడం దగ్గరే పేచీ. బ్రేకు తొక్కితే కాస్త ఆలోచించుకుని, అప్పుడు ఆగేది. అందుకని ముందు చక్రాలకి పెద్ద కార్లకుండే పెద్ద డిస్కులు, వాటిని పట్టి ఆపే ప్యాడ్లు (అదనంగా ఇంకో సెట్టు కూడా), మిగతా సరంజామా ఆన్‌లైన్లో తెప్పించాను. విజయవాడలో తిరగని షెడ్డు లేదు. "ఈ బండికి ఈ బ్రేకులు కూర్చోవండీ" అన్నారు అందరూ. కూర్చోబెడతానన్నవాడు ఒక్కడే, బందరులో గిలకలదిండి హార్బరు దగ్గరుండే ఇంజను బావ.

ఇంజను బావ అసలు పని చేపల బోట్ల ఇంజన్లు బాగుచెయ్యడం. బోటు నడిసముద్రంలో ఆగిపోతే ఇంకో బోటు వేసుకుని అక్కడికే వెళ్లి బాగుచేసి వచ్చేవాడు. అందరికీ బావే, నాకూ బావే. చదివింది ఎనిమిదో తరగతి. ఒకసారి అలా నడిసముద్రంలోకి వెళ్లినవాడు గాలివానలో చిక్కుకుని రెండు రోజులు తిరిగి రాలేదట. వచ్చాక వాళ్లావిడ ఇక సముద్రం మీదకి వెళ్లనని ఒట్టు వేయించుకుంది. అప్పుడు హార్బరు పక్కనే రేకుల షెడ్డు వేసి, "ఇచ్చట కార్లు కూడా బాగుచేయబడును" అని బోర్డు రాయించాడు. నా కారు నాలుగోది. "ఓ పదిమంది కార్లవాళ్లు నమ్మితే చాలండి సార్, ఇక నేల మీదే బతికేస్తాను" అన్నాడు మొదటి రోజే.

ఆ బ్రేకులు కూర్చోబెట్టడానికి వారం పట్టింది. మందపాటి ఇనప రేకుతో బిగింపులు తనే తయారుచేశాడు. ముందు అట్టముక్కతో కత్తిరించి చూసుకోవడం, తర్వాత ఇనుము కొయ్యడం, ఆకురాయితో వెంట్రుకవాసి చొప్పున అరగదీయడం. ఆ వారమంతా కాలేజీ నుంచి సాయంత్రాలు వచ్చి పక్కన నిలబడి నేనతనికి సిద్ధాంతం బోధించాను. "అలాగాండీ" అంటూ తన పని తను చేసుకుపోయాడు. చివరి రోజు ఇద్దరం కారెక్కి ఖాళీ రోడ్డు మీద బ్రేకు తొక్కి చూశాం. నా కళ్లజోడు ఒళ్లో పడింది. అంత బాగా ఆగింది. దిగాక బావ ఒక్క మాట చెప్పాడు. "బందరు గాలి కదండీ, రేపొద్దుటికి డిస్కు మీద ఎర్రగా తుప్పు కనపడిద్ది. కంగారుపడకండి. నాలుగుసార్లు బ్రేకు తొక్కితే అదే పోయిద్ది. దానికి మాత్రం ఏమీ రాయకండి సార్."

"నాకు తెలీదా బావా!" అన్నాను.

ఆ రాత్రి బందరులోనే మా పెద్దమ్మ ఇంట్లో పడుకున్నాను. ఉప్పుగాలికి ఇనుము నిలవదని మా పెద్దమ్మ ఇంట్లో ఇనుమన్నదానికల్లా కొబ్బరి నూనె రాసేది. గేటు గడియ, కత్తిపీట, కత్తెర, తాళంకప్ప, ఏదీ వదిలేది కాదు. ఇంకో పట్టుదల కూడా ఉండేది, కొత్తది ఏదైనా ముందు మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి దగ్గరికి వెళ్లాలని. "కారుకి పూజ ఎప్పుడో అయిపోయింది పెద్దమ్మా" అన్నాను. "కారుకయింది. బ్రేకులకి కాలేదుగా!" అంది. తెల్లారి చూస్తే బావ చెప్పినట్టే డిస్కులు ఎర్రబడి ఉన్నాయి. నా ప్రాణం ఉసూరుమంది. తుప్పు పట్టిన బ్రేకులతో స్వామి దగ్గరికి వెళ్లడమా? అరుగు మీద పెద్దమ్మ నూనె గిన్నె ఉంది. బావ మాట గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఎనిమిదో తరగతివాడు తనకి తెలిసింది చెప్పాడులే అనుకున్నాను. చక్రాలు విప్పి, గుడ్డ నూనెలో ముంచి, డిస్కులకి రెండు పక్కలా, పసిపిల్లకి తలంటినంత శ్రద్ధగా రాశాను. తళతళలాడాయి.

పెద్దమ్మ ఆ చిన్న సీట్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఒళ్లో పూలబుట్ట పెట్టుకుంది. బందరు దాటేటప్పుడే బ్రేకు పట్టు కాస్త సన్నగిల్లినట్టనిపించింది. కొత్త ప్యాడ్లు కదా, అరగాలి అని నాకు నేనే ఉపన్యాసం ఇచ్చుకున్నాను. చల్లపల్లి దగ్గర పెద్దమ్మ ముక్కు ఎగబీల్చి, "తలకి ఇంత నూనె పెట్టుకున్నావేంట్రా, కారంతా వాసన!" అంది. నేను తలకి నూనె పెట్టుకోను. అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. మోపిదేవిలో గుడి వీధి మొదట్లో బ్రేకు తొక్కాను. పెడలు గట్టిగానే ఉంది, కారే ఆగడం లేదు. వెనక బ్రేకుల పుణ్యమా అని వేగం తగ్గింది గానీ, పెళ్లినడకలో అలా వెళ్లి వెళ్లి ఒక కొట్టు ముందు పోసిన కొబ్బరికాయల గుట్టలోకి దూరింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాయలు వీధంతా దొర్లాయి. "స్వామి దగ్గరికి పోకుండానే వందకాయలు కొట్టేశాడండీ!" అన్నాడొక భక్తుడు. అందరూ నవ్వారు. కొట్టాయన నవ్వకుండా అడిగాడు, "బ్రేకులెవరు చేశారండీ దీనికి?"

అప్పటికే నాకర్థమైపోయింది. నూనె తగిలితే పట్టు పోతుందని ఘర్షణ పాఠంలో మొదటి పేజీలోనే ఉంటుంది. అయినా చుట్టూ జనం, పక్కన పెద్దమ్మ. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "గిలకలదిండిలో ఒకతనండీ. బోట్లు చేస్తాడు." ఆ "బోట్లు" అన్న మాటని కాస్త ఒత్తి కూడా పలికాను.

పెద్దమ్మ పూజ సంగతి మర్చిపోయి, వెనక బ్రేకుల మీదే కారుని నెమ్మదిగా నేరుగా హార్బరుకే తోలమంది. అక్కడ చేపల వేలంపాట మంచి జోరు మీదుంది. షెడ్డు ముందు నిలబడి పెద్దమ్మ ఎత్తుకున్న గొంతుకి పాట పాడేవాడు ఆగిపోయాడు. "ఏవయ్యా, మనుషుల ప్రాణాలంటే నీకు ఆటగా ఉందా? చేతకానప్పుడు ఆ బోర్డెందుకు పెట్టావు?" ఇంజను బావ చేతిలో పని పక్కన పెట్టి వచ్చాడు. కారు పక్కన గొంతుక్కూర్చుని, చక్రం సందులోంచి డిస్కు మీద వేలు రాసి, వాసన చూశాడు. తలెత్తి నా వైపు చూశాడు. నేను బోట్ల వైపు చూశాను. "కడిగి, ప్యాడ్లు మార్చిస్తానండి అమ్మగారూ" అన్నాడు. షెడ్డులో ఉన్న అదనపు సెట్టుతో గంటలో మార్చాడు. బ్రేకులు మళ్లీ కళ్లజోడు ఊడేలా పట్టాయి. మేం వెళ్లిపోయాం.

మా పెద్దమ్మకి బందరులో తెలియనివాళ్లు లేరు. నెల తిరక్కుండా ఆ షెడ్డుకి కార్లు రావడం మానేశాయి. ఒక ఆదివారం అన్నం వడ్డిస్తూ తనే చెప్పింది. "ఆ మెకానిక్కు మళ్లీ బోట్ల మీద సముద్రంలోకి వెళ్తున్నాడంటరా. వాళ్లావిడ బజార్లో కనపడి నన్ను చూసి మొహం తిప్పుకుంది." నూనె సంగతి మొత్తం చెప్పేశాను. పెద్దమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి నా ఎదురుగా కూర్చుంది (నా భోజనం మధ్యలో వడ్డన ఆపడం నా ఎరుకలో అదే మొదటిసారి). తర్వాత అంది. "నేనెక్కడ నిలబడి అరిచానో అక్కడే నిలబడి, నా అంత గట్టిగానూ చెప్పు. వాడి చెవిలో గొణిగి వస్తే ఊరుకోను. నేనూ వస్తాను, నేనూ చెప్పుకోవాల్సింది ఉంది."

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. రొయ్యల బుట్టల మధ్య నిలబడి, క్లాసులో డెబ్భైమందికి వినపడే గొంతుతో మొదలుపెడితే పిల్లికూన అరిచినట్టు వచ్చింది. "గట్టిగా" అంది పెద్దమ్మ. "బ్రేకులకి నూనె రాసింది నేనండీ! బావ తప్పేం లేదండీ!" అని అరిచాను. పాట ఆగింది. "దేనికి రాశారండీ?" అన్నాడు పాడేవాడు, నమ్మలేక. "బ్రేకులకండీ." హార్బరంతా నవ్వింది. బుట్ట దించుకుంటున్న ఒకావిడ మాత్రం నవ్వకుండా, నిజంగానే తెలుసుకుందామని అడిగింది, "మీరు కాలేజీలో చదువు చెప్తారంట కదండీ?" నా తల కొట్టేసినట్టయింది. పెద్దమ్మ బావ దగ్గరికి వెళ్లి, "తొందరపడి నోరు పారేసుకున్నానయ్యా" అని అందరూ వినేలా చెప్పింది.

వచ్చేముందు బావని పక్కకి పిలిచి అడిగాను. "వాసన చూడగానే నీకు తెలిసిపోయిందిగా బావా, ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "మీరే చెప్తారనుకున్నానండి సార్. మీ కారు ఆ మలుపు తిరిగేదాకా చూస్తా నిలబడ్డాను."

తర్వాత కొన్ని కార్లు మళ్లీ వచ్చాయి. పోయినవన్నీ రాలేదు. అతను సముద్రం మీదకి వెళ్లడం పూర్తిగా మానడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ తుపాను వార్త విన్నప్పుడల్లా, బావ ఒడ్డునే ఉన్నాడా అని పెద్దమ్మకి ఫోన్ చేసి కనుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆ పాతికేళ్ల మేధావి గుర్తొస్తే నవ్వొస్తుంది. గిన్నెడు నూనె ముందు కూర్చున్న ఆ శ్రద్ధకి కాస్త ముద్దు కూడా వస్తుంది. అంతలోనే ఆ మలుపు గుర్తొస్తుంది. షెడ్డు నుంచి అక్కడికి రెండొందల గజాలుంటుంది. ఆ దూరంలో ఎక్కడైనా కారు ఆపి, దిగి, వెనక్కి నడిచి ఉండొచ్చు. అప్పటికి బ్రేకులు చాలా బాగా పనిచేస్తున్నాయి.