అత్త అడిగిన సముద్రపు పువ్వు

మా హాల్లో ఉప్పునీళ్ళ తొట్టి ఒకటుంది. అందులో రాళ్ళు, రాళ్ళమీద నాలుగైదు పగడాలు, వాటి మధ్య రెండు క్లౌన్ చేపలు. నారింజరంగు ఒంటిమీద తెల్ల పట్టీలతో ముచ్చటగా ఉంటాయి. ఇంటికొచ్చినవాళ్ళు చెప్పులు విప్పీ విప్పకముందే "అబ్బ, ఎంత బాగున్నాయో!" అంటారు. తొట్టి పిచ్చి నాది. మా ఆయన బకెట్లు మోస్తాడు. పొద్దస్తమానం దాని ముందు కూచుని చూసేది మాత్రం మా అత్త.

అందరూ మురిసిపోయే చేపల్ని చూసి ఆమె జాలిపడేది. నీళ్ళని కదిపే చిన్న పంపు తొట్టి మూలన ఉంటుంది. తొట్టి లైటు ఆరగానే ఆ రెండు చేపలూ దాని పక్కకి పోయి, ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకుంటాయి.

"పావం, వాటికి ఇల్లే లేదు చూడు" అనేది. "టీవీలో చూపిస్తా ఉంటే పువ్వులో పడుకోని ఉండాయి. ఇవి మోటరు పక్కన పడుకోవాల్నా?"

ఆమె పువ్వు అనేది ఎనిమనీని. చూడటానికి పువ్వే గానీ అదొక ప్రాణి. అడుగున ఒక్కటే కాలు, దానితో రాతిని పట్టుకుంటుంది. పైన రేకులు వేళ్ళలాగా నీళ్ళలో ఊగుతుంటాయి. సముద్రంలో క్లౌన్ చేపల కాపురం ఆ రేకుల్లోనే.

ఇల్లు అన్న మాట మా అత్త నోటివెంట వస్తే నేను తేలిగ్గా తీసుకోలేను. మామయ్య పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో రిటైరైనప్పుడు వాళ్ళు క్వార్టర్స్ ఖాళీ చేశారు. ఆమె కొత్తకోడలిగా కాలుపెట్టిన ఇల్లు అది. పెరట్లో ఆమె వేసిన మల్లెపందిరి అక్కడే ఉండిపోయింది. మామయ్య పోయారు. అప్పట్నించీ అన్నీ అద్దె ఇళ్ళే, గోడకి మేకు కొట్టాలన్నా ఓనరు మొహం చూడాలి. ఇప్పటి ఓనరు కూడా కొడుకు పెళ్ళి కుదిరిందనీ, ఇల్లు అవసరం పడొచ్చనీ కనిపించినప్పుడల్లా చెవిన వేస్తున్నాడు.

అయినా ఎనిమనీకి నేను ఒప్పుకోలేదు. అది బతకాలంటే తొట్టికి కనీసం ఏడాది వయసుండాలి, లైటు గట్టిదై ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా నీళ్ళు నిలకడగా ఉండాలి. చేప ఓర్చుకున్న మార్పుని అది ఓర్చుకోదు. చచ్చిపోయిందా, నీళ్ళు చెడగొట్టి చేపల్ని కూడా తీసుకుపోతుంది. "ఏడాది నిండనివ్వండి అత్తా, చూద్దాం" అన్నాను. ఏడాది నిండింది.

"ఇంక ఏం సాకు చెప్తావే?" అంది.

సాకు కాదు, నీళ్ళలో ఉప్పు పెరుగుతోంది. తొట్టిలో నీళ్ళు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు కాబట్టి, తగ్గినంత మేరకి రోజూ మంచినీళ్ళే పోస్తాను. అలా పోస్తే ఉప్పు ఉన్నచోటే ఉండాలి. మా తొట్టిలో ఉండటం లేదు. నీళ్ళు కొంత తీసి, కొత్తగా ఉప్పు కలిపిన నీళ్ళు పోసి సరిచేస్తాను, మళ్ళీ వారానికి పైకెక్కి కూచుంటుంది. ఉప్పు కొలిచే పరికరం పాడైందని కొత్తది తెప్పించాను. అదీ అదే చెప్పింది. ఉప్పు కలిపేటప్పుడు క్రికెట్ చూస్తూ కలుపుతున్నావని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన రోషంతో బకెట్లు మోయడం మానేశాడు. నడుం నొప్పి నాకొచ్చింది, ఉప్పు మాత్రం తగ్గలేదు.

ఒక శుక్రవారం ఆఫీసు నుంచి పెందరాళే వచ్చాను. తలుపు తీసే ఉంది. మా అత్త తొట్టి ముందు నిలబడి, గుప్పిట నిండా కల్లుప్పు పట్టుకుని గుండ్రంగా తిప్పుతోంది. "ఊరి కన్ను, వాకిటి కన్ను, పై ఇంటామె కన్ను" అని గొణుక్కుంటూ తిప్పి తిప్పి, మూత ఎత్తి, ఆ ఉప్పంతా తొట్టిలో వేసేసింది.

"అత్తా! ఏం చేస్తున్నారు?"

"కనపడ్లా? దిష్టి తీస్తా ఉండా. పై ఇంటామె వచ్చి సుమ్మా, ఊరికే నిలబడి, రెప్ప ఆర్పకుండా చూసి పొయ్యింది."

"తీస్తే తీశారు, తొట్టిలో వేస్తారా?"

"దిష్టి ఉప్పు నీళ్ళలోనే కదే వెయ్యాల. ఇంత నీళ్ళు ఈడ ఉండగా సింకు దాకా ఎందుకు పోవాల? అదీ ఉప్పునీళ్ళే కదా!"

ఒళ్ళు మండింది. వెంటనే నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక సోఫాలో కూలబడ్డాను. ఆమె కూడా నవ్వింది. నవ్వుల మధ్యలో, ఆ ఉప్పు వల్లే నీళ్ళు కుదురుకోవడం లేదనీ, అందుకే పువ్వు తేలేకపోతున్నాననీ చెప్పాను. ఆమె మొహం వాడిపోయింది.

"అయితే నేనే అడ్డం పడి ఉండానా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అలా చెప్పినందుకు నామీద నాకే కోపం వచ్చింది. వాటికి ఏమీ కాకూడదని వారం వారం మర్చిపోకుండా ఉప్పు తిప్పిన మనిషి ఆమె. వెనకాలే వెళ్ళి, దిష్టి మానొద్దనీ, ఉప్పు మాత్రం సింకులో వేయమనీ బతిమాలాను. మా ఆయన్ని బతిమాలడానికి అంతకంటే ఎక్కువసేపే పట్టింది.

ఆ తర్వాత నీళ్ళు కుదురుకున్నాయి. నెలలు గడిచినా ఉప్పు కదల్లేదు. పగడాలు ఒళ్ళు చేశాయి. ఈసారి నేనే అన్నాను, పువ్వు తెచ్చుకుందాం పదండి అని. అత్త మంచి చీర కట్టుకుని బయల్దేరింది.

కొళత్తూరులో చేపల దుకాణాల వీధి ఉంది. అక్కడ ఒక కొట్లో, నీలం వెలుగులో, ఆకుపచ్చ ఎనిమనీ ఒకటి విచ్చుకుని ఉంది. అత్త అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూసింది. నేను బేరం మొదలుపెట్టబోతుంటే కొట్టాయన్ని తమిళంలో రెండు ప్రశ్నలడిగింది. ఇది ఎన్నాళ్ళు బతుకుతుంది? బాగా చూసుకుంటే మన తర్వాత కూడా ఉంటుందన్నాడు ఆయన. ఇల్లు మారాల్సి వస్తే? ఆయన పెదవి విరిచాడు. రాతిని పట్టుకున్నాక అది వదలదు, లాగితే కాలు చిరిగి చచ్చిపోతుంది, రాయితో సహా మోసుకుపోయినా కొత్త నీళ్ళకి తట్టుకోవడం కష్టమేనన్నాడు.

అత్త అద్దం దగ్గర్నించి వెనక్కి జరిగింది. "వద్దులే. పోదాం దా" అంది.

ఆటోలో అడిగాను. "ఇన్నాళ్ళూ మీరే కదత్తా కావాలన్నది?"

"చేపలంటే బకెట్లో ఏసుకుంటే మనతో వచ్చేస్తాయి. దాని కాలు ఆడనే ఉండిపోతాదే, పావం" అంది. బయటికి చూస్తూ, "నాకు తెలీదా" అంది.

ఏడుపు వచ్చింది నాకు. నీళ్ళ నిలకడ కోసం అంత రభస చేశాను గానీ, నిలకడ లేనిది మాకు. నేను చూసుకోనిది ఆమె చూసింది. ఆమె చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను.

ఓనరు కొడుక్కి పెళ్ళైంది. మేం కోడంబాక్కంలో ఇల్లు చూసుకున్నాం. రాళ్ళు, పగడాలు, డ్రమ్ముల్లో నీళ్ళు, ఖాళీ తొట్టి అన్నీ వ్యానులో వెళ్ళాయి. చేపల బకెట్టుని మాత్రం అత్త ఎవరికీ ఇవ్వలేదు. ఆటోలో కాళ్ళ మధ్య పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరుని కేకలేస్తూ వచ్చింది.

కొత్త ఇంట్లోకి అడుగుపెట్టగానే బకెట్టుని హాలు మధ్యలో దించింది. కొంగుముడి విప్పి గుప్పెడు కల్లుప్పు తీసింది. నన్నూ మా ఆయన్నీ బకెట్టు పక్కన నిలబెట్టి, మా ముగ్గురి చుట్టూ, అంటే మా ఇద్దరితో పాటు ఆ బకెట్టు చుట్టూ కూడా తిప్పింది. తర్వాత మూసిన గుప్పిటతో ఇల్లంతా ఒకసారి కలయచూసి,

"ఈడ సింకు యాడుందే?" అని అడిగింది.