వాకిట్లో ఆపిన మనిషి

కామారెడ్డిలో మా సందు చివర బీడీల కార్ఖానా ఉంది. మధ్యాహ్నం దాటితే ఆడవాళ్ళు చుట్టిన బీడీలు గంపల్లో పెట్టుకుని అటు వెళ్తుంటారు. మాస్కు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడినా సరే, తడిపిన తునికాకు వాసన సన్నగా లోపలికి వస్తుంది. కిటికీ వేసేయమని మా ఆయన నర్సింలు అరుస్తాడు. వేస్తాను, కానీ ఒక్క ఊపిరి పీల్చాకే. ఆ వాసన తగిలితే చాలు, ఎదురింటి అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చున్న ఎస్తేరమ్మవ్వ కళ్ళముందుకు వస్తుంది. ఆమె పోయి ఏడాది దాటింది. నా ఛాతీలో ఉన్న ఊపిరితిత్తులు ఎవరివో నాకు తెలియదు, వాళ్ళ పేరు మాకు చెప్పరు. అవి నా దగ్గర నిలిచాయంటే కారణం ఎవరో మాత్రం తెలుసు.

నాకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వచ్చింది. ఎందుకొచ్చిందో డాక్టర్లే తేల్చలేకపోయారు. నలభై నిండకముందే స్నానానికి కూడా ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పోయే స్థితికి వచ్చాను. చివరికి హైదరాబాదులో, చనిపోయిన ఎవరివో ఊపిరితిత్తులు తెచ్చి నాకు పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. కొత్తవాటిని ఒళ్ళు తిప్పికొట్టకుండా మందులు ఇస్తున్నాం, ఆ మందులు వాడినంత కాలం చిన్న జలుబును తట్టుకునే శక్తి కూడా ఉండదు, మనుషులను దూరం పెట్టండి అని. మాది ఎల్లారెడ్డి. అవసరమైతే హైదరాబాదుకు త్వరగా చేరొచ్చని కామారెడ్డిలో ఇల్లు కిరాయికి తీసుకున్నాం.

మనుషులను దూరం పెట్టడమట! మా వైపు ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే పలకరించడానికి పోకపోవడం కంటే పెద్ద తప్పు లేదు. పోకపోతే బతికినంత కాలం ఎత్తిపొడుస్తారు. మేం దిగిన మొదటి ఆదివారమే ఎల్లారెడ్డి నుంచి ట్రాలీ ఆటో నిండా మా వాళ్ళు వచ్చారు. బ్రెడ్డు, బత్తాయిలు, కొబ్బరిబోండాలు. నర్సింలు వద్దనలేక చేతులు పిసుక్కుంటూ నిలబడ్డాడు. అందరూ నా మంచం చుట్టూ చేరి తల నిమిరి ఏడ్చారు. మా చిన్నమ్మ అయితే నా చెంపకు చెంప ఆనించి మరీ ఏడ్చింది. పాపం జలుబు చేసిందట, ముక్కు తుడుచుకుంటూనే ఉంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో! వారం తిరగకుండా జ్వరం. మళ్ళీ హైదరాబాదు, మళ్ళీ గొట్టాలు. ఈసారికి బయటపడ్డావు, ఇంకోసారి మా చేతుల్లో ఉండదని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పింది.

తిరిగొచ్చిన రోజు ఎదురింటి ముసలామె ఎస్తేరమ్మవ్వ మా గేటు దాకా వచ్చి, అక్కడే ఆగి నర్సింలును పిలిచింది. అప్పటికి ఆమె గురించి మాకు తెలిసింది తక్కువే. భర్త లేడు, ఒక్కగానొక్క కూతురిని ఎల్లారెడ్డికి ఇచ్చింది, బీడీలు చుట్టుకుని బతుకుతుంది.

"ఏం బిడ్డా, నీకు నోరు లేదా? గంత మందిని ఎట్ల రానిచ్చినవ్?"

"మనోళ్ళే గదవ్వా. ఎట్ల వద్దంట?"

"నువ్వు అనకు. నేనంట. నాకు సుట్టాలు గారు గద, నాకేం మొకమాటం?"

మరునాటి నుంచి ఆమె అరుగు మా ఇంటికి కాపలా అయింది. తను మాత్రం ఒక్కసారి కూడా గేటు దాటలేదు. "నా బట్టల నిండ తంబాకు దుమ్మే" అనేది. ఎవరు వచ్చినా చాట పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, రోడ్డు దాటి అడ్డం నిలబడేది. తిట్లు తినేది. తిట్టేది కూడా, తక్కువేం కాదు.

ఒకరోజు నన్ను పెంచిన మా పెద్దమ్మ వచ్చింది. కిటికీలోంచి నాకన్నీ వినబడుతున్నాయి.

"నన్ను ఆపనీకి నువ్వెవ్వతివే? అది నేను సాదిన పిల్ల."

"నువ్వు సాదిన పిల్లనే కాపాడుతున్ననమ్మా. గీడనే నిలవడి మాట్లాడు."

"మీ అసొంటోళ్ళు ఆపితే నేను గేటు బయట నిలవడాల్నా? ఎంత కాలమొచ్చె!"

మా పెద్దమ్మ ఏమన్నదో సందులో అందరికీ అర్థమైంది. ఎస్తేరమ్మవ్వ వాళ్ళ కులం వాళ్ళను మా ఇంట్లో ఎన్నడూ గడప దాటనిచ్చింది లేదు. మంచినీళ్ళు అడిగితే దోసిట్లో పైనుంచి పోసేవాళ్ళం. ఎస్తేరమ్మవ్వ గొంతు పెంచలేదు.

"మీ అసొంటోళ్ళ ఇండ్ల ముంగట మా అవ్వ బతుకంత నిలవడ్డదమ్మా. సావలే. నువ్వొక్క గడియ నిలవడితే సస్తవా? నువ్వు లోపటికి వోతే మాత్రం గా పిల్ల సస్తది."

పెద్దమ్మ గేటు బయటే నిలబడి నాతో నాలుగు మాటలు మాట్లాడి, కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కుని సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రాణం నిలిచింది కానీ బలం రాలేదు. మందులకు తొడలు కరిగిపోయాయి. కుర్చీలోంచి లేవాలంటే నర్సింలు రెండు చేతులూ పట్టుకుని లాగాలి. ఊపిరితిత్తులు కొత్తవైనా భయం పాతదే. గట్టిగా పీలిస్తే లోపల ఏదో తెగిపోతుందని కొంచెం కొంచెంగానే పీల్చేదాన్ని. ఎవరో పోతే నేను బతికాను, బతికి మూల కూర్చున్నాను. ఒకరోజు ఆపుకోలేక కిటికీలోంచి అనేశాను.

"అవ్వా, ఇట్లుండే కంటే పోయుంటేనే నయముండె."

ఆమె చేతిలో బీడీ చుట్టడం ఆగలేదు. "నీ పానంల ఉన్నయి నీయి గావు. మంది సొమ్ము. నీ ఇష్టమున్నట్టు పారేస్తనంటే అయితదా? లే. వాకిట్లకు రా."

అట్లా మొదలైంది. రోజూ పొద్దున ఎండ ముదరకముందే గోడ పట్టుకుని వాకిట్లో నడిచేదాన్ని. అటునుంచి ఆమె గదమాయింపు. "గోడ ఇడిసిపెట్టు! గోడేమన్న నీ మొగడా?" అని ఒకరోజు అరిస్తే సందంతా నవ్వింది. నేనూ నవ్వాను, పొట్ట పట్టుకుని నవ్వాను. ఆపరేషన్ తర్వాత గాలి అంత లోతుకు దిగడం అదే మొదటిసారి. ఏదీ తెగలేదు.

వానాకాలం మొదట్లో ఆమెకు దగ్గు పట్టుకుంది. చాట తీసుకుని ఇంటి వెనక్కి మారింది. బీడీలు చుట్టేవాళ్ళకు దగ్గు మామూలే కదా అనుకున్నాం. ఒక పొద్దున చూస్తే తలుపుకు తాళం. ఫోన్ చేస్తే, "బిడ్డ రమ్మన్నది, నాట్లున్నయట. కొన్ని దినాలుండి అస్త. ఎవ్వలొచ్చినా గేటు తియ్యకు" అంది. నాకు మండింది. ఈ వయసులో నాట్లేమిటి, నన్నిట్లా వదిలేసి పోవడమేమిటి అని ఆమె మీద అలిగాను. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, సిగ్నల్ లేదని రెండు మాటల్లోనే పెట్టేసేది.

చివరికి ఆమె కూతురు కరుణ ఫోన్ చేసి అవ్వ పోయిందని చెప్పింది. నర్సింలు వద్దంటున్నా వినకుండా ఎల్లారెడ్డికి కారు మాట్లాడించాను. వాళ్ళ వాకిట్లో టెంటు వేశారు, చర్చివాళ్ళు పాటలు పాడుతున్నారు. నేను దిగానో లేదో కరుణ పరుగున వచ్చి, దూరంగానే ఆగి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"అక్కా, ఆడనే ఆగు. అవ్వకు టీబీ ఉండె. మందులు పెట్టేటాలకే చెయ్యి దాటిపోయింది. నిన్ను రానియ్యద్దని నాతోని ఒట్టేయించుకున్నది."

"కామారెడ్డిల పెద్ద దవాఖానుండంగ ఈడికెందుకు తీసుకొచ్చినవే?" అని ఆమె మీదే విరుచుకుపడ్డాను.

"నేను తీసుకురాలే అక్కా. ఆమెనే అచ్చింది. ఆడ మంచంల పడితే ఎదురింటి పిల్ల ఊకోదు, నన్ను పలకరియ్యనీకి ఇంట్లకు అస్తది అన్నది."

రోడ్డుకు ఈ పక్కనే నిలబడిపోయాను. శవపెట్టె బయటికి తెచ్చారు, ఎత్తుకున్నారు, నా ముందు నుంచే తీసుకెళ్ళారు. చెయ్యి వేయలేదు. ఏడిస్తే మాస్కు తడిసిపోయింది, అది మార్చుకుని మళ్ళీ ఏడ్చాను.

ఇప్పుడు మా గేటు దగ్గర ఎవరినైనా ఆపాలంటే నేనే ఆపుతాను. నాకు పొగరెక్కిందని ఎల్లారెడ్డిలో చెప్పుకుంటారట, చెప్పుకోనీ. ఊపిరి బాగానే ఆడుతుంది, బజారు దాకా ఒక్కదాన్నే నడిచి వస్తాను. కానీ ఆమె ఎదురింట్లో మంచం పట్టి ఉంటే ఏ డాక్టరు చెప్పినా వినేదాన్ని కాదు, ఆ రోడ్డు దాటి పోయేదాన్నే. ఆ సంగతి నాకంటే ముందు ఆమెకే తెలుసు. అందుకే నాకు అందకుండా వెళ్ళిపోయింది.