నూనె అంగడి బల్ల మీద మాత్రలు

గార్లదిన్నెలో నాగరత్నమ్మది శెనగనూనె అంగడి. ముప్పై ఏండ్లుగా ఆమే కొలిచి పోస్తాండాది. పోయిన నెల రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ బాగా ఎక్కువుండాదని తేలింది. డాక్టరు రోజుకో మాత్ర రాసినాడు. కొడుకు ముఖేష్ ఆ మాత్రలు తీసుకుపోయి బీరువాలో దాచినాడు.

"ఇంట్లోనే ఏసుకోమ్మా. నూనె అమ్మే ఆమెకే రక్తంలో కొవ్వుండాదంటే మన నూనె ఎవరు కొంటారు?"

"మా నాయన కూడా అంగడి పేరు పోతాదని రోగం దాచినాడు. యాభై ఏండ్లకే గుండె పట్టుకుని ఈ బల్ల కాడే పడిపోయినాడు. నేను దాచను."

మరుసటి రోజు నుంచి మాత్రల అట్ట బల్ల మీదకే వచ్చింది. సాయంత్రం అంగడి నిండా జనం ఉన్నప్పుడే ఆమె మాత్ర వేసుకునేది.

ఒకరోజు పక్కవీధి ఆంజినమ్మ నూనె క్యాను ముందుకు తోసి అడిగింది.

"ఏం మాత్రలక్కా అవి?"

"కొలెస్ట్రాల్‌కు."

"నీ నూనె తినే వచ్చిందా?"

ముఖేష్ తల దించుకున్నాడు.

"నూనెలో కల్తీ లేదు. నేనే లెక్క లేకుండా తిన్నా. మా వంశంలోనే ఉండాది ఈ రోగం. నీకెంత పోయమంటావ్?"

"ఎప్పట్లాగే రెండు లీటర్లు."

నాగరత్నమ్మ ఒక్క లీటరే పోసి మూత బిగించింది.

"మీ ఇంట్లో ఉండేది ఇద్దరే. నెలకు ఇది చాలు. రేపు పోయి నువ్వూ రక్తం చూపించుకో."