మాస్టారి చూపుడు వేలు

పిల్లి నోరు తెరిస్తే చాలు, రిటైరైన ఇంగ్లీషు మాస్టారి చూపుడు వేలు లేస్తుంది. గుర్రుమంటే ఇంగ్లీషులో ‘పర్’ అనాలట, బుస్సుమంటే ‘హిస్’, ఊళపెడితే ‘యౌల్’. “మనవాళ్ళకి అన్నిటికీ ఒకటే మ్యావు!” అని పెదవి విరుస్తారు, ఆ మాటలన్నీ తానే పుట్టించినట్టు.

నిన్న ఆయన పుస్తకాల బీరువా మూసి కుర్చీలో వాలారో లేదో, పిల్లి ఆ తలుపు గీరుతూ గోల పెట్టింది.

“మామయ్యగారూ, పిల్లి ఏడుస్తోంది, కాస్త చూడండి!” వంటింట్లోంచి కోడలు కేకేసింది.

“ఏడవడం కాదమ్మా, యౌల్ చేస్తోంది.” వేలు లేచింది గానీ మనిషి లేవలేదు.

ఎంతసేపటికీ గోల ఆగకపోయేసరికి చివరికి కోడలే తడిచేతులతో వచ్చి బీరువా తెరిచింది. లావుపాటి నిఘంటువుల వెనక పిల్లికూన ఊపిరాడక సొమ్మసిల్లి ఉంది. ఆమె ఒళ్ళో పెట్టుకుని నిమరగా నిమరగా కూన కదిలింది. తల్లిపిల్లి మాస్టారి వైపు తిరిగి, వీపు మీద బొచ్చు నిక్కబొడుచుకుని బుస్సుమంది.

“హిస్,” అన్నారాయన వేలెత్తి, తృప్తిగా.