జీపుకు అమావాస్య స్నానం

జీపు ఇంకా ఉందా, అమ్మేశారా అని మొన్న ఫోనులో మీరు నవ్వుతూ అడిగారు. ఉంది. కానీ దాని విషయంలో మీ తాత మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మీకు ఆ సంగతి చెప్పాలి.

కొల్లాపూర్ దాటి అడవిలోకి పోతే పెంటలకు, అంటే చెంచుల గూడేలకు, బస్సు లేదు. అంతా రాళ్ల దారి. ముందు చక్రాలు కూడా లాగే బండి అయితేనే ఎక్కుతుంది. మీ తాత జీపు అలాంటిదే కాబట్టి అక్కడివాళ్లు సంతకూ దవాఖానకూ అందులోనే వచ్చేవారు. అయితే ముందు చక్రాన్ని తిప్పే యాక్సిల్ జాయింటు మాటిమాటికీ పోయేది. మొదట మలుపు తిప్పితే టకటకమని చప్పుడు. కొన్నాళ్లకు ఏదో ఎత్తు ఎక్కేటప్పుడు పెళ్లున విరగడం. వనపర్తి మెకానిక్కు కొత్తది వేసేవాడు. మళ్లీ అదే కథ.

పోయిన ఎండాకాలం విరిగినప్పుడు మెకానిక్కు తేల్చేశాడు: ఆడవాళ్లు మూటలతో ఎక్కుతున్నారు, ఆ బరువుకే పోతోందని. లోపల చూసి చెప్పిన మాట కాదది. మీ తాత మాత్రం దేవుడి వాక్కులా పట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఇగ పెంటలకు పోయేది లేదు," అన్నాడు చెప్పులు విడుస్తూ.

నాకు ఒళ్లు మండింది. ఒక పెంటలో పెద్దామె కోడలికి నెలలు నిండుతున్నాయి. జీపు విరిగిన రోజు ఆ పిల్ల అత్తతో దవాఖానకు బయల్దేరి, సగం దారిలో దిగి, ఎండలో వెనక్కి నడిచిపోయింది. దిగుతూ అత్త అన్న మాటకు బండిలోని ఆడవాళ్లంతా నవ్వారు.

"నీ జీపు కంటె నా కోడలే నయం. ఇన్ని నెల్లు మోసినా కూలవడలే."

అలా నవ్వుకుంటూ నడిచిపోయినవాళ్ల మీదే ఇప్పుడు నింద. పల్లికాయ బస్తాలు, ఎరువు బస్తాలు నింపినప్పుడు కాని బరువు, నలుగురు ఆడవాళ్లు కూర్చుంటే అయిందా?

కొత్త జాయింటు వేయించే రోజు నేనూ వనపర్తి పోయాను. నా ముందే విప్పమన్నాను. లోపల గ్రీజు జొన్న అంబలిలా తెల్లగా, పలుచగా ఉంది. వేళ్ల మధ్య రాస్తే సన్నటి ఇసుక. గ్రీజు అలా తెల్లబడాలంటే నీళ్లు కలవాలి. ఎండాకాలం అడవి దారిలో నీళ్లెక్కడివి?

అప్పుడు తట్టింది. ప్రతి అమావాస్యకూ మీ తాత పెంటలవాళ్లను కొల్లాపూర్‌లో దించి, అటు నుంచి అటే సోమశిల పోతాడు. జీపును చక్రాలు మునిగేదాకా కృష్ణలోకి దించి కడుగుతాడు. పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతాడు. ఎడ్లున్నప్పటి అలవాటు. అడిగితే మెకానిక్కు ఒప్పుకున్నాడు, కాలిన ఇనుము చల్లనీళ్లలో పడితే గ్రీజును ఆపే రబ్బరు సీలు సందులోంచి నీళ్లు లోపలికి గుంజుకుంటుందని. ప్రతిసారీ పాత సీలే తిరిగి బిగించాడని కూడా అప్పుడే బయటపడింది.

మీ తాత వైపు తిరిగాను.

"పొద్దంత దున్నొచ్చిన ఎద్దును చెమటారకముందే గిట్లనే నీళ్లల్ల దించుతుంటివా?"

"ఎద్దునైతె దించకపోతుంటి," అన్నాడు.

సీళ్లు కొత్తవి వేయించాం. ఇప్పుడు అమావాస్యకు బండి ఒడ్డునే ఆగుతుంది. చక్రాలు చల్లారాక బకెట్టుతో కడగడమే. చప్పుడు మళ్లీ రాలేదు. అయినా నా కోపం తీరలేదు. బరువు వల్లేనని ఊరంతా చెప్పిన మనిషి, కాదని ఆ ఆడవాళ్లకు చెప్పడేం? ఆ పిల్లను దవాఖానకు తేవడానికి పెంటకు పోయిన రోజు, చెప్పేదాకా బండి కదలనివ్వనన్నాను. మీ తాత స్టీరింగునే చూస్తూ, తప్పు మీ బరువుది కాదు, నేను వేడి బండిని నీళ్లలో దించడం వల్లే విరిగిందని చెప్పాడు.

పెద్దామె కోడలిని ముందు సీట్లో కూర్చోబెట్టి, తానూ పక్కన ఇరుక్కుంది.

"అయితె జర జరుగు," అంది మీ తాతతో. "ఇంకో ఇద్దరున్నరు."