తొండి చేసే అత్తయ్య

నిన్న సాయంత్రం ఆఫీసులో మీటింగు ముగించుకుని వినుకొండ నుంచి ఊరికి బస్సులో వస్తున్నాను. కిటికీ పక్కన సీటు దొరికిందన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. రోడ్డు పక్క కళ్ళాల్లో ఎవరో ఎండుతున్న మిరపకాయల్ని తిరగేస్తున్నట్టున్నారు, ఘాటు ఒక్కసారిగా లోపలికి కొట్టింది. బస్సంతా దగ్గు. డ్రైవరు దగ్గుతూనే బండి నడిపాడు. ముందు సీట్లో తల్లి ఒళ్ళో కూర్చున్న పిల్ల మాత్రం వరసగా తుమ్మి, తుమ్మిన ప్రతిసారీ పకపకా నవ్వింది. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకునే ఓపిక కూడా లేకపోయింది. ఫోన్లో అంగన్‌వాడీ పిల్లల హాజరు ఎందుకు పడలేదో, ఫోటోలు ఎందుకు ఎక్కలేదో రోజంతా నిలబడి సంజాయిషీ చెప్పుకున్న అలసట అది. ఆ పిల్ల నవ్వు వింటుంటే మా అత్తయ్య గుర్తొచ్చింది. మిరప ఘాటుకి తుమ్మి నవ్వే మనిషిని, పెద్దవాళ్ళలో, నేను ఆవిడనొక్కర్తినే చూశాను.

మా అత్తయ్య పేరు కోటమ్మ. చదువుకోలేదు. మామయ్య చిన్న వయసులోనే పోతే, ఉన్న కాస్త పొలం తనే దగ్గరుండి చేయించి ఒక్కగానొక్క కొడుకుని పెంచింది. పొడుగు మనిషి, గొంతు ఇంకా పెద్దది. మా వాకిట్లో మాట్లాడితే వీధి చివర కొట్టులో వినపడేది. ఆవిడ పోయి ఇంకా ఎంతో కాలం కాలేదు. ఊళ్ళో చాలామంది ఆవిడని గయ్యాళి అనే గుర్తుపెట్టుకున్నారు. అది అబద్ధమని నేననను. కానీ ఆ గయ్యాళి మనిషి నాకేమిచ్చిందో చెప్పాలంటే, ఆవిడ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నేనెలా ఉండేదాన్నో ముందు చెప్పాలి.

నేను పుట్టి పెరిగింది గుంటూరులో. నాన్న మిరప యార్డులో బస్తాలు మోసేవాడు. నేను అయిదో తరగతిలో ఉండగా అమ్మ పచ్చకామెర్లతో పోయింది. నా వెనక ఇద్దరు తమ్ముళ్ళు. చిన్నవాడు గోపికి అప్పటికి మాటలు కూడా సరిగ్గా రావు. పెద్దకర్మ అయిన రోజు, చుట్టాలంతా వెళ్ళిపోతుండగా, మా మేనత్త ఇంటి తాళంచెవులు తెచ్చి నా పావడా బొందుకి కట్టింది. "ఇయ్యాల్టి నుంచి నువ్వే వాళ్ళకి అమ్మవి. నువ్వు ఏడిస్తే వాళ్ళు బెంగపెట్టుకుంటారు. ఏడవబాక" అని చెప్పింది. నేను ఏడవలేదు. ఆ రోజే కాదు, ఆ తరవాత కూడా. నా ఈడు పిల్లలు సందులో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ చూసేదాన్ని. కొన్నాళ్ళకి చూడాలనిపించడం కూడా ఆగిపోయింది. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి "ఎంత బుద్ధిమంతురాలమ్మా, పెద్దవాళ్ళకి కూడా ఇంత ఓర్పు ఉండదు" అనేవాళ్ళు. ఆ మాట కోసం మరికాస్త బుద్ధిగా ఉండేదాన్ని. చిన్నతనం పోయేటప్పుడు ఏదో పెద్ద చప్పుడు చేస్తుందనుకుంటారు. నాది అందరూ మెచ్చుకుంటుండగా పోయింది. పోయిందని నాకే తెలియలేదు.

పెళ్ళయి ఈ ఊరు వచ్చాక కూడా అలాగే ఉన్నాను. అందరికన్నా ముందు లేవడం, అడక్కముందే పని చెయ్యడం, అందరూ తిన్నాక మిగిలింది తినడం. ఏ కోడలినైనా అత్తగారు అందుకు మెచ్చుకుంటుంది. మా అత్తయ్య మాత్రం కొన్నాళ్ళు నన్ను వింతగా చూసి ఊరుకుంది. మిరప కోతలు అయిపోయిన ఒక వేసవి మధ్యాహ్నం, వసారాలో నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, "రావే అమ్మాయ్, అష్టాచెమ్మా ఆడదాం" అని గవ్వలు పోసింది. నాకు ఆట రాదంటే నేర్పింది. ఆడాను. ఓడిపోయాను. మళ్ళీ ఆడాను, మళ్ళీ ఓడిపోయాను. వారం పది రోజులు అలా నడిచాక ఒకరోజు ఆవిడ గవ్వల్ని చేత్తో నేలకేసి కొట్టింది.

"ఏందే ఇది? అదిగో, నా కాయ నీ ఎదురుగానే ఉంది. చంపకుండా పక్క కాయ జరుపుతావేంది?"

"చూసుకోలేదండీ."

"చూశావ్. నీ కళ్ళు చూడటం నేను చూశాను. కావాలనే ఓడిపోతున్నావ్."

నేను తలొంచుకున్నాను. "మీరు పెద్దవాళ్ళు కదండీ, మీకు కోపమొస్తుందేమోనని..."

"కోపం రావాలే! నువ్వు నా కాయ చంపితే నాకు కోపం రావాల. నేను తొండి చేస్తే నువ్వు నా చెయ్యి పట్టుకోవాల. లేకపోతే నేనెవరితో ఆడుతున్నట్టు? గోడతోనా?"

అప్పుడు తెలిసింది, ఆవిడ అన్ని రోజులూ నా ఎదుటే తొండి చేస్తోందని. గవ్వల్ని వేలితో తిప్పెయ్యడం, నేను నీళ్ళు తాగడానికి లేస్తే కాయని రెండు గళ్ళు ముందుకు జరిపెయ్యడం. నేనెప్పుడు గొడవపెట్టుకుంటానా అని ఎదురుచూసిందట. మర్నాడు ఆవిడ కాయని మొదటిసారి చంపాను. ఆవిడ నన్నూ నా పుట్టింటినీ కలిపి తిట్టింది. తిడుతూనే ఇంకో కాయని పక్క గడిలోకి నెట్టడం నా కంటపడింది. "అత్తయ్యా, తొండి!" అని అరిచాను. నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు. "ఎక్కడే తొండి?" అని ఆవిడ, "అక్కడే, నేను చూశాను" అని నేను. పొలం నుంచి వచ్చిన మా ఆయన, శ్రీను, ఇంట్లో నిజంగానే యుద్ధం జరుగుతోందనుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తల్లి వైపు మాట్లాడాలో, పెళ్ళాం వైపు మాట్లాడాలో తెలియక బిక్కమొహం వేశాడు. అది చూసి అత్తయ్య నవ్వింది. ఆవిడని చూసి నేనూ నవ్వాను. కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వడమంటే ఏమిటో నాకు ఇరవై దాటాక తెలిసింది.

అంగన్‌వాడీ టీచరు ఉద్యోగానికి నన్ను దరఖాస్తు పెట్టించింది కూడా ఆవిడే. నాకూ ధైర్యంగానే ఉండింది. ఇద్దరు తమ్ముళ్ళని పెంచినదాన్ని, నాకు రానిదేముంది అనుకున్నాను. చేరిన కొత్తలో నా కేంద్రం చూసినవాళ్ళంతా ముచ్చటపడ్డారు. పిల్లలు వరసగా కూర్చునేవాళ్ళు, వేలు నోటిమీద పెట్టుకునేవాళ్ళు, గుడ్డు కింద పడకుండా తినేవాళ్ళు. ఒకరోజు నా అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చిన అత్తయ్య గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఏందే, పోలీసుస్టేషన్లాగుంది?"

"అల్లరి చెయ్యకుండా ఉన్నారని సూపర్‌వైజరుగారు మెచ్చుకున్నారత్తయ్యా."

"నిన్ను కూడా అట్టాగే మెచ్చుకున్నారు చిన్నప్పుడు. ఏమైంది?" అంది.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. నేనేదో అనబోయేలోగా ఆవిడ చీర కొంగు నడుముకి బిగించి, చేతులూ మోకాళ్ళూ నేలమీద ఆనించి, "నేను గేదెని, నన్నెవరు తోల్తారు?" అంది. పిల్లలు ఒక్క క్షణం నా వైపు చూశారు. నేను ఏమంటానోనని. అంత చిన్న పిల్లలు ఆడుకోవడానికి నా మొహం చూడవలసి వచ్చిందని అప్పుడు గమనించాను. మేనత్త తాళాలు కట్టిన రోజు నేనూ అలాగే అందరి మొహాలూ చూశాను. "వెళ్ళండి" అన్నాను. ఆ రోజు కేంద్రంలో గోల సందు మలుపు దాకా వినపడింది.

ఇలా చెబుతుంటే ఆవిడేదో లోకం తెలియని మనిషనుకుంటారేమో. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఒక సంవత్సరం మిరప చేను ఏపుగా, ఆకుపచ్చగా, చూడముచ్చటగా ఎదిగింది. పూత రాలిపోయింది, కాయ పట్టలేదు. చుట్టుపక్కల చాలామందిది అదే పరిస్థితి. విత్తనం నకిలీదని తేలేసరికి సీజను అయిపోయింది. విత్తనాల కొట్టువాడు తనకీ తెలియదని మొత్తుకున్నాడు. ఆ ఏడు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. అత్తయ్య రోజూ పొలం వెళ్ళి, ఖాళీ చెట్ల మధ్య గట్టు మీద కూర్చుని వచ్చేది. మరుసటి ఏడు మళ్ళీ అదే కొట్టుకి బయలుదేరుతుంటే నేను ఆపాను.

"వాడి దగ్గరికే పోతారా? మీరింత అమాయకులైతే ఎట్లా అత్తయ్యా?"

ఆవిడకి నిజంగా కోపం వచ్చింది. ఆటలో వచ్చే కోపం కాదది.

"అమాయకురాలినంటే? నన్ను మోసం చేశారని నాకు తెలవదనుకున్నావా? ఆ గట్టు మీద కూర్చుని నేనెన్ని తిట్టుకున్నానో నీకేం తెలుసు? వాడూ మనలాగే మోసపోయాడు. వాడి మొహం చూశాను నేను. పోనీ, అందర్నీ అనుమానించుకుంటా నాటితే నాలుగు కాయలు ఎక్కువ కాస్తయ్యా?" చెప్పులు వేసుకుంటూ అంది: "నాకూ కష్టంగానే ఉందే. నమ్మడం నాకేమన్నా ఊరికే వస్తందనుకుంటన్నావా?"

ఆ మాట నన్ను చాలా కాలం వదల్లేదు. పసితనమంటే ఏమీ తెలియకపోవడం అనుకునేదాన్ని. అది ఒకసారి పోతే పోయినట్టే అనుకునేదాన్ని. తెలిసినవాళ్ళు, దెబ్బతిన్నవాళ్ళు, ఒళ్ళు నొప్పులతో ప్రతి ఏడూ మళ్ళీ దాన్ని సాగు చేసుకోవచ్చని ఆ రోజు ఆవిడ నడిచిపోతుంటే వెనకనుంచి చూస్తూ అనుకున్నాను. ఆ ఏడు పంట మరీ గొప్పగా పండలేదు, అలా అని పోనూ లేదు.

చివర్లో ఆవిడ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించినా లేచి తిరగలేకపోయింది. ముసలితనం రెండో పసితనం అంటుంటారు. అనేవాళ్ళెవరూ ఆ గుడ్డలు ఉతికి ఉండరు. అది వాసన, పుండ్లు, పక్క మార్చడం, ఆవిడ సిగ్గు, నా నడుం నొప్పి. పొద్దున్నే ఆవిడ పని చూసి కేంద్రానికి వెళ్ళడం, వచ్చి మళ్ళీ అదే. పదేళ్ళ వయసులో తాళాలు కట్టించుకున్న పిల్ల నాలోకి తిరిగి వచ్చేసింది. పళ్ళ బిగువున అన్నీ చేస్తున్నాను. ఊళ్ళో మళ్ళీ మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒక ఉదయం ఒళ్ళు తుడుస్తుంటే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"అలిసిపోయావా?"

"లేదత్తయ్యా."

"తొండి" అంది. గొంతు బాగా సన్నబడిపోయింది అప్పటికి. "నిజం చెప్పు."

"అలిసిపోయాను" అన్నాను. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు ఎంతో సేపు పట్టింది.

"ఒరేయ్ శీనూ!" అని ఉన్న బలమంతా పెట్టి కొడుకుని పిలిచింది. "నీ పెళ్ళాం అలిసిపోయిందంట. నీ తల్లినేగా నేను, ఇయ్యాల నువ్వు కడుగు." ఆయన తడబడుతూ వచ్చాడు. సిగ్గుతో ఆయన, సిగ్గుతో ఆవిడ, ఎటో చూస్తూ పని కానిచ్చుకున్నారు. ఆ తరవాత ఆ పని ఇద్దరం పంచుకున్నాం. నేను అడిగి ఉంటే ఆయన ముందే చేసేవాడేమో. అడగడం నాకు ఎవరూ నేర్పలేదు.

అత్తయ్య ఒక మిట్టమధ్యాహ్నం పోయింది. మా గోపి గుంటూరు నుంచి వచ్చాడు. వాడికిప్పుడు పెళ్ళీడుకొచ్చిన కూతురుంది. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టి ఉంచితే, ఎవరో ముసలమ్మ వచ్చి "కోటమ్మా, గవ్వలాటలో నాతో ఎంత తొండి చేశావే" అని శోకం పెట్టింది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. పైట అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. గోపి నా పక్కన కూర్చుని ఉన్నాడు. నా మొహంలోకి చూసి, "అక్కా, చిన్నప్పుడు నువ్వు నవ్వడం నేనొక్కసారి కూడా చూళ్ళేదే" అన్నాడు. వాడి కళ్ళు నిండిపోయాయి. అంతే, నాలో ఏదో తెగిపోయింది. నేల మీద పడి ఏడ్చాను. "అమ్మా, అమ్మా" అని ఏడ్చాను. ఆ పిలుపులో అత్తయ్య ఎంతో, కామెర్లతో పసుపు పచ్చగా మారిపోయి వెళ్ళిన మా అమ్మ ఎంతో నాకు తెలియదు. నన్నెవరూ ఏడవబాకమనలేదు. నేను పెంచిన నా తమ్ముడు నా తల ఒళ్ళో పెట్టుకుని, పిల్లల్ని జోకొట్టినట్టు వీపు మీద కొడుతూ కూర్చున్నాడు.

ఆవిడ లేకుండా రోజులు నడుస్తున్నాయి. పనులు తగ్గలేదు, ఫోన్లో నింపవలసినవి పెరిగాయి. అలసట కూడా పోలేదు. ఈ వయసులో అది పోతుందని నేననుకోవడం లేదు. కాని కేంద్రంలో మధ్యాహ్నం అన్నాలయ్యాక, పిల్లలు చాపల మీద ఎక్కడివాళ్ళక్కడ ఒరిగిపోతారు కదా, ఒక్కోరోజు నేనూ వాళ్ళ మధ్య పడుకుంటాను. ఎవరిదో ఒక కాలు నా పొట్టమీద పడుతుంది. మా ఆయా సుబ్బులు గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "కాసేపు పడుకోండి టీచరమ్మా, నేను చూస్తాగా" అంటుంది. నేను కళ్ళు మూసుకుంటాను.